ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో: దూరం 12,380 కి.మీ. అయితే ప్రయాణం పదహారు గంటలెందుకు?

కిటికీసీటు

జనవరిలో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లాల్సిన పని పడింది. టికెట్ తీసేముందు దూరమెంతో, ఎన్ని గంటలో చూద్దామని కూర్చుంటే ఉన్న మతి కాస్తా పోయేలా ఉంది. ఒక సైటులో 12,380 కి.మీ. అని ఉంది. ఇంకోచోట 13,900. ఓ పాత వార్తలో ఏకంగా 15,300. నగరాలు అవే, భూమి అదే. మరి మూడు వేల కిలోమీటర్లు ఎక్కడినుంచి ఊడిపడ్డాయి?

ఇక టైం సంగతి. విమానం గంటకు 900 కి.మీ. పోతుందంటారు. 12,380ని 900తో భాగిస్తే పదమూడు ముప్పావు గంటలు. టికెట్ల మీద మాత్రం పదహారుకు అటూ ఇటూ చూపిస్తున్నారు. పైగా ఆ సైటు గీసిన గీత అట్లాంటిక్ మీదా లేదు, పసిఫిక్ మీదా లేదు, తిన్నగా ఉత్తర ధ్రువం వైపు పోయింది. తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

గ్లోబు

మీరు గోడకు వేలాడే మ్యాపు చూస్తున్నట్టున్నారు. దాన్ని తీసి పక్కన పెట్టి, గ్లోబు ఒకటి సంపాదించండి. దారం ఒక కొస ఢిల్లీ మీద, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగండి. దారం దానంతటదే పైకి జరుగుతుంది. టిబెట్, షిన్‌జియాంగ్, సైబీరియా దాటి, ఆర్కిటిక్‌లో తూర్పు సైబీరియా సముద్రం మీద దాదాపు 75.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, అక్కడినుంచి అలాస్కా, కెనడా పడమటి అంచు మీదుగా దిగుతుంది. బంతి మీద రెండు చుక్కల మధ్య అన్నిటికన్నా పొట్టి దారి అదే. మహావృత్తం అంటారు.

గోడ మ్యాపు సాధారణంగా మెర్కేటర్ 1569లో వేసిన పద్ధతిలో ఉంటుంది. ఓడవాళ్లు ఒకే దిక్కు పట్టుకుని పోవడానికి పనికొచ్చే మ్యాపు అది. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ సాగదీస్తుంది. అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు. అలాంటి మ్యాపు మీద స్కేలు పెట్టి దూరం కొలిస్తే వచ్చేది దూరం కాదు.

లెక్కలమారి

సైటును నమ్మడం ఎందుకు, కాలిక్యులేటర్ ఉంటే ఇక్కడే తేల్చేద్దాం.

ఢిల్లీ విమానాశ్రయం: 28.57 ఉత్తరం, 77.10 తూర్పు. శాన్‌ఫ్రాన్సిస్కో: 37.62 ఉత్తరం, 122.38 పడమర. రేఖాంశాల తేడా 199.48 డిగ్రీలు. అది 180 దాటింది కాబట్టి రెండో వైపునుంచి కొలవాలి, అంటే 160.52.

రెండు అక్షాంశాల సైన్‌లు గుణిస్తే 0.2919. రెండు కొసైన్‌లూ, రేఖాంశాల తేడా కొసైనూ కలిపి గుణిస్తే మైనస్ 0.6558. రెండూ కూడితే మైనస్ 0.3639. ఏ కోణానికి కొసైన్ అంత ఉంటుందో చూస్తే 111.34 డిగ్రీలు. భూమి సగటు వ్యాసార్థం 6,371 కి.మీ. అనుకుంటే మహావృత్తం మీద ఒక డిగ్రీకి 111.19 కి.మీ. గుణించండి, 12,380.

ఇదంతా భూమి నిఖార్సైన గోళం అనుకుని వేసిన లెక్క. నడుము దగ్గర వ్యాసార్థం 6,378, ధ్రువాల దగ్గర 6,357. అది కూడా పట్టించుకునే సూత్రాలు వాడితే కొద్ది కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది. సైట్ల మధ్య చిన్న తేడాలకు అదే కారణం. మీరు చెప్పిన మూడు వేలు మాత్రం ఇందులో రావు.

కిటికీసీటు

లెక్క బాగానే ఉంది సార్, నేను కూడా నొక్కి చూశాను, వచ్చింది. అయితే విమానం నిజంగా ఆ ఆర్కిటిక్ దారిలోనే పోతుందా? లేక ఇది కాగితం మీది ముచ్చటేనా?

పాతపటం

పూర్తిగా ఆ గీత మీద కాకపోయినా, ఆ వైపు పోతాయనడానికి ఒక సంఘటన ఉంది. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా బోయింగ్ 777 ఇంజన్లో ఇబ్బంది వచ్చి ఎక్కడ దిగిందనుకున్నారు? రష్యా తూర్పు కొసన మగదాన్‌లో. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. కాలిఫోర్నియా వెళ్దామని బయల్దేరినవాళ్లు ఓఖోత్స్క్ సముద్రపు ఒడ్డున చిన్న ఊళ్లో రెండు రాత్రులు గడిపారు. ఆ తర్వాత ఇంకో విమానం వచ్చి తీసుకెళ్లింది. గోడ మ్యాపు మాత్రమే చూసినవాళ్లకు ఆ రోజు వార్త ఒక పట్టాన అర్థమై ఉండదు.

రాత్రిషిఫ్టు

కొన్నేళ్లు విమానాలకు దారి వేసే డిస్పాచ్ డెస్క్‌లో పనిచేశాను. కాస్త వివరంగా రాస్తాను, ఓపిక చేసుకోండి.

గ్లోబు గారు చెప్పిన దారం దారి ఢిల్లీ దాటగానే టిబెట్ మీద పడుతోంది కదా. చిక్కు అక్కడే మొదలవుతుంది. క్యాబిన్లో గాలి పీడనం పోతే పైలట్ చేయాల్సిన మొదటి పని పదివేల అడుగులకు, అంటే మూడు వేల మీటర్లకు దిగడం. నెత్తి మీదినుంచి ఊడిపడే ఆక్సిజన్ మాస్కులు చాలా విమానాల్లో పన్నెండు నుంచి ఇరవై నిమిషాల దాకా పనిచేస్తాయి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే నాలుగున్నర వేల మీటర్లు. దిగడానికి కింద చోటు ఉండదు. అందుకే ప్రయాణికుల విమానాలు అటు సాధారణంగా పోవు. కొన్ని దారులున్నా, ప్రత్యేకమైన ఆక్సిజన్ ఏర్పాటు, ముందే గీసిపెట్టుకున్న తప్పించుకునే దారులు ఉండాలి.

అందువల్ల ఢిల్లీ నుంచి అమెరికా పడమటి తీరానికి రెండే తీర్లు. పడమరగా మళ్లి మధ్య ఆసియా మీదుగా ఎక్కడం, లేదా తూర్పుగా మళ్లి చైనా, జపాన్ వైపునుంచి పసిఫిక్ పట్టుకోవడం. మొదటిదానికి పాకిస్తాన్ ఆకాశం తెరిచి ఉండాలి. 2019లో ఫిబ్రవరి చివరినుంచి జూలై నడిమి దాకా మూసేశారు. 2025 ఏప్రిల్లో భారత విమానాలకు మళ్లీ మూసేశారు. రష్యా ఆకాశం 2022 ఫిబ్రవరి, మార్చి నుంచి యూరప్, అమెరికా సంస్థలకు మూత పడింది, భారతీయ సంస్థలకు కాదు. అందుకే ఒకే జత నగరాల మధ్య ఒక కంపెనీ విమానం పోగలిగిన దారిలో ఇంకో కంపెనీ విమానం పోలేదు. అమెరికా సంస్థ యునైటెడ్ వాళ్లు 2022 మార్చిలో తమ శాన్‌ఫ్రాన్సిస్కో–ఢిల్లీ సర్వీసు ఆపేసింది ఈ కారణానికే.

ఇంకోటి. రెండు ఇంజన్ల విమానం ఒక ఇంజన్ ఆగిపోయినా నిర్ణీత సమయంలో ఏదో ఒక విమానాశ్రయానికి చేరేలా దారి ఉండాలి. ఈటాప్స్ అంటారు. ఒకప్పుడు అరవై నిమిషాలే. 1985లో 120, 1988లో 180 నిమిషాలు ఇచ్చారు. బోయింగ్ 777కు 2011లో 330 నిమిషాలు, ఎయిర్‌బస్ ఎ350కి 2014లో 370 నిమిషాల దాకా అనుమతి వచ్చింది. మగదాన్ లాంటి ఊళ్లు దారి కాగితాల్లో ఎప్పుడూ ఉంటాయి. ప్రయాణికుల కంటికి మాత్రం ఏదైనా జరిగినప్పుడే పడతాయి.

ఎదురుగాలి

ఇంత చెప్పి అసలు కథానాయకుణ్ణి వదిలేశారు మాస్టారూ. గాలి!

రాత్రిషిఫ్టు

వస్తున్నా, అక్కడికే వస్తున్నా. కిటికీసీటు గారు అడిగిన 13,900, 15,300 రెండూ తప్పు కాదు. అవి 2016 నాటివి. అప్పటిదాకా ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం అట్లాంటిక్ మీదుగా వెళ్లేది, సుమారు 13,900 కి.మీ. ఆ ఏడాది అక్టోబర్లో పసిఫిక్ మీదికి మార్చారు. దూరం 15,300కు పెరిగింది. సమయం పద్నాలుగున్నర గంటలకు దిగింది, అంటే పాత దారికన్నా దాదాపు రెండు గంటలు తక్కువ.

పద్నాలుగు వందల కిలోమీటర్లు ఎక్కువ తిరిగి రెండు గంటలు ముందు చేరడం ఎలాగో చూడండి. 15,300ని పద్నాలుగున్నరతో భాగిస్తే నేల మీద సగటు వేగం గంటకు 1,055 కి.మీ. ఆ విమానం గాలిలో తన సొంత వేగంతో పోయేది 900కు కాస్త అటూ ఇటూ. మిగతా నూట యాభై వెనకనుంచి తోసిన గాలిది.

మేం డెస్క్‌లో రెండు దూరాలు చూస్తాం. ఒకటి నేల దూరం, అది మీ సైటు చెప్పేది. రెండోది గాలి దూరం. అంటే విమానం తన చుట్టూ ఉన్న గాలిలో నిజంగా ఎంత నడిచిందో అది. గంటకు 905 చొప్పున పద్నాలుగున్నర గంటలంటే పసిఫిక్ దారి గాలి దూరం 13,100 కి.మీ. చిల్లర. అట్లాంటిక్ దారిలో పదహారున్నర గంటలంటే 14,900. విమానం ఇంధనం కాల్చేది ఈ రెండో దూరానికి. నేల మీద పొడవైన దారి గాలిలో పొట్టిదైంది. దారి వేసేటప్పుడు కంప్యూటర్ వెతికేది కూడా ఈ పొట్టి దారినే. దానికి ఏ దేశం మీదుగా పోతే ఎంత రుసుము కట్టాలో కలుపుకుంటుంది. అందుకే ఒకే ఫ్లైట్ నంబరు సోమవారం ఒక దారిలో, గురువారం ఇంకో దారిలో పోతుంది.

కిటికీసీటు

ఓహో. అంటే నేను చూసిన మూడు అంకెలూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులన్నమాట. బాగుంది. ఈ వెనక గాలి ఎప్పుడూ ఉంటుందా? ఏ వైపు?

ఎదురుగాలి

ఇది నా ఇష్టమైన సబ్జెక్టు, పేరు చూశారుగా.

తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు నదిలా పారే గాలులున్నాయి, జెట్ స్ట్రీమ్‌లు. మామూలుగా గంటకు నూట యాభై, రెండు వందల కి.మీ. గట్టిగా ఉన్న రోజున నాలుగు వందలు కూడా దాటుతుంది. ధ్రువ ప్రాంతపు చలికీ, ఉష్ణమండలపు వేడికీ మధ్య తేడా ఎంత ఎక్కువైతే ఇవి అంత ఉధృతంగా వీస్తాయి. చలికాలంలో ఆ తేడా ఎక్కువ, కాబట్టి మీరు వెళ్లే జనవరిలో వీటి ప్రతాపం బాగా కనిపిస్తుంది.

వీటిని మొదట పద్ధతిగా కొలిచింది జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి. 1920లలో తతెనో అబ్జర్వేటరీ నుంచి బెలూన్లు వదిలి కొలిచాడు. ప్రపంచమంతా చదవాలని ఫలితాలను ఎస్పరాంటోలో, అంటే అన్ని దేశాలవాళ్లకూ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన కృత్రిమ భాషలో అచ్చువేశాడు. దాంతో దాదాపు ఎవరూ చదవలేదు! 1944లో జపాన్ మీద బాంబులు వేయడానికి వచ్చిన బి–29లు ఆ గాలిలో చిక్కుకుని గురి తప్పాక గానీ అమెరికన్లకు దాని సత్తా తెలియలేదు.

న్యూయార్క్ – లండన్ మధ్య 2020 ఫిబ్రవరి 9న తుపాను గాలిని ఆసరా చేసుకుని బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి 4 గంటల 56 నిమిషాల్లో దిగింది. సాధారణంగా ఆరున్నర గంటలు పట్టే దారి.

చిన్నడౌటు

ఆ 747 నేల వేగం గంటకు 1,300 దాటిందని చదివాను. అంటే ధ్వని వేగం దాటేసినట్టే కదా? మరి కాంకార్డ్ గొప్పేముంది?

ఎదురుగాలి

దాటలేదు. ధ్వని వేగాన్ని పోల్చాల్సింది చుట్టూ ఉన్న గాలితో, నేలతో కాదు. ఆ ఎత్తులో మైనస్ 54 డిగ్రీల దగ్గర ధ్వని వేగం గంటకు సుమారు 1,065 కి.మీ. విమానం ఆ గాలిలో అందులో 85 శాతమే పోతోంది. గాలి మొత్తంగా విమానాన్ని మోసుకుని తూర్పుకు పోతోంది. కాంకార్డ్ గాలితోనే పోటీపడి ధ్వనికి రెండింతల వేగంతో పోయేది. 1996 ఫిబ్రవరి 7న న్యూయార్క్ నుంచి లండన్‌కు 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో వచ్చింది. రెంటికీ పోలికే లేదు.

చిన్నడౌటు

సరే ఇంకో డౌటు. తిట్టకండి. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా. మరి పడమరకు పోయే విమానానికి ఊరు ఎదురొచ్చి త్వరగా చేరాలి. జరిగేది తిరగేసి ఉందేంటి?

గ్లోబు

తిట్టం, ఇది చాలామందికి వచ్చే ప్రశ్నే. పరుగెత్తే రైల్లో మీరున్నచోటే పైకి ఎగిరితే వెనక పెట్టెలో పడరు కదా, రైలుతోపాటు మీరూ పోతున్నారు. అలాగే గాలి, విమానం, విమానాశ్రయం అన్నీ భూమితోపాటే తిరుగుతున్నాయి. భూమధ్యరేఖ దగ్గర ఆ వేగం గంటకు దాదాపు 1,670 కి.మీ. అది విమానానికి అందకుండా పోతే, గాల్లో ఊరికే ఆగి ఉంటే చాలు, దేశాలు కింద నుంచి నడిచిపోయేవి. టికెట్ ఎందుకిక!

భూభ్రమణం ప్రభావం పరోక్షంగా మాత్రం ఉంది. జెట్ స్ట్రీమ్ తూర్పుకే వంగడానికి కారణం అదే.

లెక్కలమారి

అందరూ వెనక గాలి లాభం గురించే మాట్లాడుతున్నారు. పోనూ రానూ టికెట్ తీసుకునేవాళ్లు గమనించాల్సిన సంగతి ఒకటుంది. «పోయేటప్పుడు ఎదురైతే వచ్చేటప్పుడు తోడవుతుంది, రెండూ సరికి సరి» అంటుంటారు. సరికి సరి కాదు.

9,000 కి.మీ. దారి, విమానం వేగం 900 అనుకోండి. గాలి లేకపోతే పది, పది, మొత్తం ఇరవై గంటలు. ఇప్పుడు గంటకు వంద కిలోమీటర్ల గాలి పెట్టండి. వెనక గాలితో 9,000ని 1,000తో భాగిస్తే తొమ్మిది గంటలు. ఎదురుగాలితో 800తో భాగిస్తే పదకొండుంబావు. మొత్తం ఇరవైంబావు. ఒక గంట మిగిల్చి గంటంబావు తినేసింది. గాలి రెండు వందలైతే 8 గంటల 11 నిమిషాలు, 12 గంటల 51 నిమిషాలు, కలిపి ఇరవై ఒక గంట దాటిపోయింది. కారణం సులువే: ఎదురుగాలిలో నెమ్మదిగా పోతారు కాబట్టి ఆ గాలిలో ఎక్కువసేపు ఉంటారు.

ఎదురుగాలి

@లెక్కలమారి, విమానం వచ్చిన దారినే తిరిగి వెళ్తే మీ లెక్క నిజం. కానీ ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కో ఒకదానికొకటి భూమికి దాదాపు అవతలి వైపున ఉన్నాయి. ఆ 2016 విమానం వెళ్లింది పసిఫిక్ మీదుగా తూర్పుకు, తిరిగొచ్చింది అట్లాంటిక్ మీదుగా, అదీ తూర్పుకే. అంటే రానూ పోనూ రెండూ వెనక గాలే, భూమిని ఒక చుట్టు చుట్టేసి ఇంటికి! ఈ అవకాశం అన్ని నగరాల జతలకూ ఉండదు. లండన్–న్యూయార్క్ వాళ్లకు ఒకవైపు ఎదురుగాలి తినడం తప్పదు. వాళ్లు చేయగలిగిందల్లా గాలి తగ్గిన దారి వెతుక్కోవడం. ఉత్తర అట్లాంటిక్ మీద అందుకే రోజుకు రెండుసార్లు గాలిని బట్టి కొత్త దారులు ప్రకటిస్తారు, తూర్పుకు పోయేవాళ్లకు ఒక సెట్, పడమరకు పోయేవాళ్లకు ఒక సెట్.

కిటికీసీటు

ఇది నాకు పనికొచ్చే మాట. నాన్‌స్టాప్ రేటు చూస్తే ఎలాగూ నాకు అందేలా లేదు, ఒక ఊళ్లో ఆగి వెళ్లేదే తీసుకుంటాను. దుబాయ్, ఫ్రాంక్‌ఫర్ట్, టోక్యో మూడూ కనిపిస్తున్నాయి. దేంట్లో తక్కువ తిరుగుడు?

లెక్కలమారి

పైన వేసిన లెక్కే మళ్లీ వేశాను, మహావృత్తం దూరాలు, దగ్గరి పదికి సర్ది:

దుబాయ్ మీదుగా 2,180 + 13,020 = 15,200
ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 6,120 + 9,150 = 15,270
టోక్యో హనేడా మీదుగా 5,860 + 8,290 = 14,150

టోక్యో తిన్నటి దారికన్నా 1,770 కి.మీ. మాత్రమే ఎక్కువ. సరదాకి ఇంకోటి: దుబాయ్, శాన్‌ఫ్రాన్సిస్కోల రేఖాంశాల తేడా 177.7 డిగ్రీలు. అంటే వాటి మధ్య మహావృత్తం ఉత్తర ధ్రువాన్ని దాదాపు తాకుతూ పోతుంది.

నిద్రపట్టదు

ధ్రువం మీదుగా పోవడం కొత్తేమీ కాదు లెండి. స్కాండినేవియా విమాన సంస్థ ఎస్ఏఎస్ వాళ్లు 1957 ఫిబ్రవరిలోనే కోపెన్‌హేగన్ నుంచి ఉత్తర ధ్రువం మీదుగా, ఆంకరేజ్‌లో ఆగి టోక్యోకు సర్వీసు మొదలెట్టారు. సోవియట్ ఆకాశం అప్పుడు మూసి ఉండేది. ఇప్పుడు చరిత్ర మళ్లీ మొదటికొచ్చింది. 2022 తర్వాత ఫిన్‌ఎయిర్ హెల్సింకి–టోక్యో విమానం తొమ్మిది గంటల పైచిలుకు నుంచి పదమూడు గంటలకు చేరింది, కొన్నిసార్లు ధ్రువం మీదుగానే. మన వైపునుంచి 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో–బెంగళూరు తొలి విమానం ధ్రువ ప్రాంతం మీదుగా వచ్చింది, కాక్‌పిట్‌లో అందరూ మహిళలే, కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వం. పదిహేడు గంటల ప్రయాణం.

అన్నట్టు ధ్రువం దగ్గర ఇంధనం మీద కూడా ఓ కన్నేసి ఉంచాలి. విమాన ఇంధనంలో జెట్ ఎ అనే రకానికి మైనస్ 40 దగ్గర, జెట్ ఎ–1 రకానికి మైనస్ 47 దగ్గర గడ్డకట్టే హద్దు. ట్యాంకులో ఉష్ణోగ్రత ఆ దరిదాపులకు పడిపోతుంటే కాస్త కిందికి దిగుతారు, లేదా వేగం పెంచుతారు.

రాత్రిషిఫ్టు

టికెట్ మీద టైం గురించి మొదట అడిగారు, అది మరుగున పడింది. టికెట్ మీద ఉండేది గాల్లో గడిపే సమయం కాదు. గేటు దగ్గర విమానం కదిలినప్పటినుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా. బ్లాక్ టైం అంటాం. రన్‌వే దాకా దొర్లడం, వరసలో నిలబడటం, దిగే ముందు గాల్లో చుట్లు, దిగాక గేటు ఖాళీ అయ్యేదాకా ఆగడం అన్నీ అందులోనే. పైగా ఆలస్యమైందనే మాట రాకుండా కంపెనీలు కొంత పెంచి వేస్తాయి. అరగంట ముందే వచ్చామని కెప్టెన్ గర్వంగా చెప్పేది చాలాసార్లు అలా పెంచి వేసిన అరగంటే. ఆ ప్రకటనకు చప్పట్లు కొట్టేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇక పొడవాటి దారిలో విమానం మొదట్లో ఇంధనం బరువుతో పైకి ఎక్కలేదు. ముప్పై ఒక వేల అడుగుల దగ్గర మొదలెట్టి, కాలేకొద్దీ తేలికపడి ముప్పై అయిదు, ముప్పై తొమ్మిది అలా మెట్లు ఎక్కుతుంది. ఇంధనం మోయడానికే ఇంధనం ఖర్చవుతుంది. సింగపూర్–న్యూయార్క్ దారి సుమారు 15,350 కి.మీ., పద్దెనిమిది గంటల పైన. దానికి వాడే ఎ350–900 ప్రత్యేక రకం 1,65,000 లీటర్లు నింపుకోగలదు, సీట్లు మాత్రం 161. ఎకానమీ క్లాసే లేదు. బరువు ఎక్కడ తగ్గించారో అర్థమైంది కదా.

చిన్నడౌటు

తేదీలు ఎలా లెక్కపెట్టుకోవాలి? మా అన్నయ్య బయల్దేరిన రోజే, బయల్దేరిన టైంకి రెండు గంటలకే దిగానంటాడు. కోతలనుకున్నాను.

లెక్కలమారి

కోతలు కాదు. గంటలు ఎప్పుడూ ఒకే ఊరి గడియారంలో కూడండి, చివర్లో మాత్రమే మార్చండి. ఉదాహరణకు ఢిల్లీలో తెల్లవారుజామున నాలుగింటికి విమానం, పదహారు గంటల ప్రయాణం అనుకోండి. భారత కాలమానంలో రాత్రి ఎనిమిది. జనవరిలో కాలిఫోర్నియా మనకన్నా పదమూడున్నర గంటలు వెనక, కాబట్టి అక్కడ అదే రోజు ఉదయం ఆరున్నర. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా వాళ్లు గడియారం గంట ముందుకు జరుపుతారు. అప్పుడు తేడా పన్నెండున్నర, దిగేది ఏడున్నరకు.

వచ్చేటప్పుడు ఈ వడ్డీ అంతా కట్టాలి. అక్కడ సోమవారం ఉదయం పదింటికి ఎక్కితే మన దగ్గర అప్పటికే సోమవారం రాత్రి పదకొండున్నర. పదహారు గంటలు కలపండి, మంగళవారం మధ్యాహ్నం మూడున్నర.

నిద్రపట్టదు

తేదీ రేఖ విడ్డూరం చూడాలంటే సమోవా రాజధాని అపియా, అమెరికన్ సమోవాలోని పాగో పాగో. మధ్య నూట పాతిక కి.మీ., గంటలోపు ప్రయాణం. గడియారాల తేడా ఇరవై నాలుగు గంటలు! 2011 చివర సమోవా రేఖకు అవతలి వైపుకు మారిపోయింది, ఆ ఏడాది వాళ్లకు డిసెంబర్ 30 అనే రోజే లేదు.

నిర్వాహకుడు

సభ్యులకు మనవి: చర్చ బాగుంది, సమోవా గురించి ఇంకా రాయాలనుకుంటే వేరే చర్చ తెరవండి. కిటికీసీటు గారికి టికెట్ సంగతి తేల్చి చెప్పండి ముందు.

ఎదురుగాలి

తేల్చేద్దాం. జనవరి కాబట్టి వెళ్లేటప్పుడు టోక్యో మీదుగా. హనేడా నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పసిఫిక్ మీద గాలి మొత్తం వెనకే. వచ్చేటప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా, అదీ తూర్పుకే. సీటు ముందున్న తెరలో మ్యాపు పేజీ పెట్టుకోండి. «గ్రౌండ్ స్పీడ్» అనే అంకె జపాన్ దాటాక వెయ్యి దాటడం చూస్తారు, 1,100 దాకా పోయినా ఆశ్చర్యం లేదు. దాని పక్కనే «టెయిల్ విండ్», అంటే వెనక గాలి ఎంతో ఉంటుంది.

నిద్రపట్టదు

గాలికి బానే ఉంటుంది, ఒంటికి మాత్రం తూర్పు ప్రయాణమే కష్టం. చాలామందికి పగలు పొడిగించుకోవడం తేలిక, కుదించుకోవడం కష్టం. పన్నెండు పదమూడు గంటల తేడా అయితే ఎటు వెళ్లినా పెద్ద తేడా ఉండదనుకోండి, ఒళ్లు రోజుకు గంట చొప్పున సర్దుకుంటుంది. దిగిన మర్నాడే ముఖ్యమైన పని పెట్టుకోకండి.

రాత్రిషిఫ్టు

ఎదురుగాలి గారి సలహాకు నాదో సవరణ. గాలిలో మిగిలే గంట మధ్య ఊళ్లో కూర్చునే సమయం ముందు ఏపాటి? టోక్యోలో రెండున్నర గంటల ఆగుడు ఉన్న టికెట్టూ ఉంటుంది, తొమ్మిది గంటలదీ ఉంటుంది. ముందు మొత్తం సమయం చూడండి, తర్వాతే గాలి. రెండు విమానాలూ ఒకే బుకింగ్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే, ఢిల్లీలో జనవరి పొగమంచుకు మొదటిది ఆలస్యమైతే రెండోదానికి బాధ్యత ఎవరిదీ కాదు. పోవడం ఒక దారి, రావడం ఒక దారి ఉన్నా ఒకే టికెట్ మీద ఇస్తారు, రెండు కంపెనీలు ఒకే కూటమిలో ఉంటే సులువు.

ట్రాన్సిట్ వీసా కావాలో వద్దో ఆయా దేశాల రాయబార కార్యాలయం సైటులోనే చూసుకోండి. నియమాలు మారుతుంటాయి, ఇక్కడ ఎవరో చెప్పిందాన్ని పట్టుకుని విమానాశ్రయానికి వెళ్లకండి.

కిటికీసీటు

వెళ్లేది టోక్యో మీదుగా, ఆగుడు మూడు గంటలు. వచ్చేది ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా, అక్కడ నాలుగున్నర. ఒకే బుకింగ్ మీద దొరికింది, రేటు కూడా దుబాయ్ టికెట్‌కు దగ్గర్లోనే ఉంది. తీసేసుకున్నాను. సీటు ఏ వైపు మంచిదో ఎవరైనా చెబుతారా?

గ్లోబు

టోక్యో నుంచి వెళ్లేది ఎక్కువగా రాత్రి పూటే. ఆకాశం నిర్మలంగా ఉండి, దారి అలూషియన్ దీవుల దాకా ఎక్కితే ఎడమ కిటికీలోంచి ఉత్తరపు వెలుగులు కనిపించే అవకాశం కొంత ఉంది. ఎడమే తీసుకోండి, రెక్క అడ్డం రాని వరసలో.